పేగు పుండుకు నానో వెండి: ఎలుక లెక్క, మనిషి లెక్క

2007లో వెలువడిన ఒక పరిశోధనలో ఎలుకల పెద్దపేగులోకి ఘాటైన రసాయనం ఎక్కించి పుండ్లు పుట్టించారు. తర్వాత వాటికి నానో వెండి, అంటే అతి సూక్ష్మమైన వెండి రేణువులు ఇచ్చారు. మలద్వారం గుండా ఇచ్చినప్పుడు శరీర బరువులో కిలోకు 4 మిల్లీగ్రాములతో, నోటి ద్వారా ఇచ్చినప్పుడు కిలోకు 40 మిల్లీగ్రాములతో వాపు తగ్గింది. వాపును ఎగదోసే టీఎన్ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్-12 లాంటి ప్రోటీన్లు కూడా దిగొచ్చాయి. అప్పటి నుంచీ 'పేగు వ్యాధికి వెండి మందు' అనే మాట పరిశోధన పత్రికల్లో అప్పుడప్పుడూ వినిపిస్తూనే ఉంది. ఆరోగ్యం పేరుతో సాగే ప్రచారంలోనైతే రోజూ చక్కర్లు కొడుతోంది.

ఆ ఎలుకల ఫలితాన్ని నేను శంకించడం లేదు. నా పేచీ అంతా ఆ 40 అనే అంకెతోనే. దాన్ని మనిషికి, అందులోనూ ఏళ్ల తరబడి మందు వాడాల్సిన మనిషికి అన్వయిస్తే ఏమవుతుందన్నది ఎవరూ అట్టే మాట్లాడరు. ఆ లెక్కలోకి దిగే ముందు జబ్బు సంగతి, వెండి సంగతి కాస్త చూడాలి.

జబ్బు ఎక్కడుంది?

ఆ జబ్బు పేరు ఇన్‌ఫ్లమేటరీ బవెల్ డిసీజ్, క్లుప్తంగా ఐబీడీ. పేర్లు దగ్గరగా ఉండటంతో చాలామంది దీన్నీ ఐబీఎస్‌నీ (ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్) కలిపేస్తుంటారు. ఐబీఎస్‌లో కడుపునొప్పి, విరేచనాలు, మలబద్ధకం మనిషిని సతాయిస్తాయి కానీ, కొలనోస్కోపీ (గొట్టంతో పేగు లోపల చూసే పరీక్ష) చేస్తే పేగు గోడ మామూలుగానే కనిపిస్తుంది. ఐబీడీలో గోడే దెబ్బతిని ఉంటుంది. ఎర్రగా వాచి, పుండ్లు పడి, గొట్టం తగిలితే చాలు రక్తం చిమ్మేలా ఉంటుంది.

ఇందులో ముఖ్యంగా రెండు రకాలు. అల్సరేటివ్ కోలైటిస్ పెద్దపేగు దాటి పోదు. పురీషనాళం దగ్గర మొదలై, మధ్యలో ఖాళీ వదలకుండా పైకి పాకుతుంది. గోడ లోపలి పొరనే కొరుకుతుంది. క్రోన్స్ వ్యాధి అలా కాదు. నోటి నుంచి మలద్వారం దాకా ఎక్కడైనా, అక్కడో ముక్క ఇక్కడో ముక్కగా వస్తుంది. గోడ మందమంతా తొలుచుకుపోతుంది కాబట్టే పేగు ఇరుకైపోవడం, ఫిస్టులాలు (పేగు నుంచి పక్క అవయవాలకో చర్మానికో ఏర్పడే అసహజ దారులు) పడటం లాంటివి క్రోన్స్‌లో ఎక్కువ. న్యూయార్క్‌లోని మౌంట్ సినాయ్ ఆసుపత్రికి చెందిన బరిల్ క్రోన్, ఇద్దరు సహచరులతో కలిసి 1932లో దీన్ని వర్ణించడంతో ఆ పేరు నిలిచింది. పైపొర జబ్బు, లోతు జబ్బు అన్న ఈ తేడా వెండి విషయానికి వచ్చేసరికి బాగా పనికొస్తుంది.

కారణం ఒక్కటని చెప్పలేం. ఐబీడీతో సంబంధమున్న జన్యు స్థానాలు 200కు పైగా బయటపడ్డాయి. వాటిలో మొదటి పెద్ద ఆనవాలు 2001లో దొరికిన నాడ్2 జన్యువు. బ్యాక్టీరియా గోడ ముక్కలను పసిగట్టడం దాని పని. అంటే జన్యువుల వైపు నుంచి వెతుక్కుంటూ వెళ్లినా తేలింది బ్యాక్టీరియా దగ్గరే. మన ఒంట్లో బ్యాక్టీరియా సుమారు 38 లక్షల కోట్లని 2016 నాటి ఒక అంచనా. వాటిలో అత్యధికం పెద్దపేగులోనే ఉంటాయి. ఆరోగ్యంగా ఉన్నప్పుడు రోగనిరోధక వ్యవస్థ వాటితో సర్దుకుపోతుంది. ఐబీడీలో ఆ సర్దుబాటు చెడుతుంది. ఒకవైపు కాపలా కణాలు అదేపనిగా దాడి చేస్తుంటాయి, మరోవైపు బ్యాక్టీరియా జనాభా కూడా మారిపోతుంది. ఫీకాలిబ్యాక్టీరియం ప్రాస్నిట్జీ లాంటి మంచి రకాలు తగ్గి, ఈ.కోలై, దాని బంధువులు పెరుగుతాయి.

ఇప్పుడున్న మందులు ప్రధానంగా దాడి చేసే పక్షాన్ని అదుపు చేస్తాయి: మెసలమైన్, స్టెరాయిడ్లు, అజాథయోప్రిన్, ఆపైన జీవకణాల్లో తయారుచేసే ప్రోటీన్ మందులైన బయోలాజిక్స్. వాటిలో ఒకటైన ఇన్‌ఫ్లిక్సిమాబ్‌కు 1998లో అమెరికాలో క్రోన్స్ కోసం అనుమతి రావడం ఈ చికిత్సలో పెద్ద మలుపు. కానీ టీఎన్ఎఫ్‌ను అడ్డుకునే ఈ మందులకు దాదాపు మూడో వంతు రోగులు మొదటి నుంచే స్పందించరు. స్పందించినవాళ్లలోనూ కొందరికి కొన్నాళ్లకు మందు పనిచేయడం మానేస్తుంది. ఇన్‌ఫెక్షన్ల టెన్షన్ ఉండనే ఉంటుంది. కాబట్టి కొత్త దారులు వెతకడంలో వింతేమీ లేదు. ఆ వెతుకులాటలో దొరికిన వాటిలో వెండి ఒకటి.

వెండిని పొడి చేస్తే

వెండి సూక్ష్మజీవులను చంపుతుందన్నది పాత సంగతే. 1880ల్లో జర్మనీ వైద్యుడు కార్ల్ క్రెడే, పుట్టిన బిడ్డల కళ్లలో సిల్వర్ నైట్రేట్ చుక్కలు వేసి, గనేరియా వల్ల వచ్చే అంధత్వాన్ని బాగా తగ్గించాడు. కాలిన గాయాలకు రాసే సిల్వర్ సల్ఫాడయజీన్ 1960ల నుంచి వాడుకలో ఉంది. ఈ రెండూ ఒంటికి పైపైన, కొద్ది రోజులకు వాడేవన్నది గుర్తుంచుకోవాలి.

నానో అంటే 1 నుంచి 100 నానోమీటర్ల మధ్య సైజు. నానోమీటరు అంటే మిల్లీమీటరులో పది లక్షల వంతు. అంత చిన్నగా చేస్తే ఏం ఒరుగుతుంది? లెక్క చూడండి. ఒక గ్రాము వెండిని ఘనంగా పోతపోస్తే దాని ఉపరితలం సుమారు 1.25 చదరపు సెంటీమీటర్లు. అదే గ్రామును 10 నానోమీటర్ల గుండ్రటి రేణువులుగా చేస్తే ఉపరితలం సుమారు 57 చదరపు మీటర్లవుతుంది. లోహం అంతే, చుట్టుపక్కల వాటితో తగిలే చోటు మాత్రం 4 లక్షల రెట్లు దాటిపోతుంది. వెండి పనిచేసేది ఆ ఉపరితలం నుంచే. అక్కడి పరమాణువులు ఆక్సిజన్‌తో కలిసి కొద్దికొద్దిగా వెండి అయాన్లుగా, అంటే విద్యుదావేశమున్న పరమాణువులుగా కరుగుతాయి. ఆ అయాన్లకు గంధకం అంటే మహా ఇష్టం. బ్యాక్టీరియా ప్రోటీన్లలో గంధకమున్న చోట్లను పట్టుకుని ఎంజైములను స్తంభింపజేస్తాయి, పైపొరను చిల్లులు పొడుస్తాయి, శ్వాసక్రియను ఆపేస్తాయి.

తయారీని ఒకసారి దగ్గర నుంచి చూస్తే తర్వాతి కథ సులువుగా అర్థమవుతుంది. మంచులో ఉంచిన ఫ్లాస్కులో సోడియం బోరోహైడ్రైడ్ ద్రావణం తిరుగుతూ ఉంటుంది. అందులో సిల్వర్ నైట్రేట్‌ను చుక్కలు చుక్కలుగా వేస్తారు. రెండూ రంగు లేని ద్రవాలే. కాసేపటికి ఫ్లాస్కు లేత పసుపుగా, ఆపైన నిండు పసుపుగా మారుతుంది. రేణువులు 400 నానోమీటర్ల దగ్గరి నీలి ఊదా కాంతిని మింగేయడం వల్ల వచ్చే రంగది. ఇప్పుడు అందులో ఉప్పునీళ్లు కొన్ని చుక్కలు వేయండి. పసుపు పోయి బూడిద రంగు వస్తుంది. రేణువులు ఒకదానికొకటి అతుక్కుని గుంపులు కట్టేశాయన్నమాట. ఆ 57 చదరపు మీటర్లలో చాలా భాగం అక్కడికక్కడే ఎగిరిపోతుంది. ఇలా జరగకుండా పీవీపీ లాంటి పాలిమర్ పూత వేస్తారు. బోరోహైడ్రైడ్‌కు బదులు మొక్కల రసాలతో చేసే పద్ధతులూ ఉన్నాయి. పోలండ్ పరిశోధకులు నల్ల కరెంట్ పండ్ల సారంతో చేసిన నానో వెండి ఎలుకల్లో కోలైటిస్‌ను తగ్గించిందని 2020లో రాశారు.

ఇక్కడ చిన్న చిక్కుంది. మొక్కల సారాల్లోని పాలీఫినాల్స్‌కు కూడా వాపు తగ్గించే గుణం ఉంటుంది. కాబట్టి ఇలాంటి పరిశోధన ఏది చదివినా నేను మొదట చూసేది ఒక్కటే: వెండి లేకుండా ఉత్త సారం ఇచ్చిన గుంపు ప్రయోగంలో ఉందా? అది లేకపోతే మేలు చేసింది వెండో పండో తేలదు.

క్రిములను చంపితే జబ్బు పోతుందా

ప్రచారంలో వినపడే తర్కం ఇది: ఐబీడీలో చెడ్డ బ్యాక్టీరియా ఉంది, వెండి బ్యాక్టీరియాను చంపుతుంది, కాబట్టి వెండి మందు. ఈ తర్కమే నిజమైతే యాంటీబయాటిక్స్‌తో ఐబీడీ ఎప్పుడో నయమైపోయి ఉండేది. మెట్రోనిడజోల్, సిప్రోఫ్లోక్సాసిన్ క్రోన్స్‌లో మలద్వారం చుట్టూ పడే ఫిస్టులాలకు, చీము గడ్డలకు వాడతారు. అంతే తప్ప జబ్బును కుదర్చవు. క్రోన్స్‌కు ఒకానొక మైకోబ్యాక్టీరియానే మూలమనే వాదనను పరీక్షించడానికి ఆస్ట్రేలియాలో 3 యాంటీబయాటిక్స్‌ను కలిపి 2 ఏళ్ల పాటు ఇచ్చారు. తొలి వారాల్లో కొంత మెరుగు కనిపించింది కానీ, తర్వాత అది నిలవలేదు. ఆ ఫలితం కూడా 2007లోనే వచ్చింది.

పైగా వెండికి విచక్షణ తక్కువ. ఈ.కోలైని చంపగలిగినది బ్యూటిరేట్ తయారుచేసే మంచి బ్యాక్టీరియాను కూడా చంపగలదు. పెద్దపేగు గోడ కణాలకు బ్యూటిరేటే ప్రధాన ఇంధనం. అది తగ్గితే ఏ గోడను కాపాడాలనుకున్నామో ఆ గోడే ఆకలితో అలమటిస్తుంది.

లోహాన్నే వాడి, విచక్షణతో కూడా పనిచేయవచ్చని చూపిన ప్రయోగం ఒకటుంది. అది టంగ్‌స్టన్‌తో చేసింది. వాచిన పేగులో నైట్రేట్ పెరుగుతుంది. దాన్ని వాడుకుని బతకగల ఈ.కోలై కుటుంబానికి అది వరం. అలా వాడుకోవడానికి మాలిబ్డినం అనే లోహం ఉన్న ఎంజైములు కావాలి. 2018లో అమెరికా పరిశోధకులు ఎలుకలకు సోడియం టంగ్‌స్టేట్ ఇస్తే, టంగ్‌స్టన్ వెళ్లి మాలిబ్డినం కుర్చీలో కూర్చుంది. ఎంజైములు పడుకున్నాయి. వాచిన పేగులో ఆ కుటుంబపు పెరుగుదల ఆగింది, వాపు తగ్గింది. ఆరోగ్యంగా ఉన్న పేగులోని బ్యాక్టీరియా జోలికి మాత్రం అది పెద్దగా పోలేదు. టంగ్‌స్టన్ కూడా ఇంకా మందు కాదు, విషలక్షణాల ప్రశ్న దానికీ ఉంది. అయినా ఈ ప్రయోగం చదివాక నానో వెండి నాకు మొరటు ఆయుధంలాగే కనిపిస్తుంది.

వెండి పక్షాన చెప్పే ఇంకో వాదన: అది బ్యాక్టీరియాతో నిమిత్తం లేకుండా వాపునే తగ్గిస్తుందని. 2007 ప్రయోగం లాంటివాటికి ఆధారం ఇదే. కాదనను. అయితే ల్యాబుల్లో మనిషి రక్తం నుంచి తీసిన మోనోసైట్లనే తెల్ల రక్తకణాలపై నానో వెండి వేసినప్పుడు, వాపును పెంచే ఇంటర్‌ల్యూకిన్-1 బీటా విడుదలైన ఉదాహరణలూ ఉన్నాయి. రేణువు సైజు, మోతాదు మారితే ఫలితం తిరగబడుతోంది.

నోట్లోంచి పెద్దపేగు దాకా

ఈ భాగాన్ని చాలా వ్యాసాలు ఒక్క వాక్యంలో దాటేస్తాయి. నా దృష్టిలో అసలు కథంతా ఇక్కడే ఉంది.

మింగిన రేణువు మొదట జీర్ణాశయంలో పడుతుంది. అక్కడ హైడ్రోక్లోరిక్ ఆమ్లం, అంటే ఆమ్లమూ ఉంది, క్లోరైడూ ఉంది. ఫ్లాస్కులో ఉప్పునీళ్లు వేసినప్పుడు జరిగిందే ఇక్కడా మొదలవుతుంది. రేణువులు కొన్ని కరుగుతాయి, కొన్ని గుంపులు కడతాయి. కరిగి వచ్చిన అయాన్లలో చాలావరకు క్లోరైడ్‌తో కలిసి సిల్వర్ క్లోరైడ్ అవుతాయి. అది నీళ్లలో లీటరుకు 2 మిల్లీగ్రాములు కూడా కరగదు. ఈలోగా ఆహారంలోని ప్రోటీన్లు రేణువుల చుట్టూ తొడుగులా చేరతాయి. చిన్నపేగులో పైత్యరసం, ఎంజైములు తగులుతాయి. ఇన్ని చేతులు మారాక పెద్దపేగుకు చేరేది ఫ్లాస్కులో తయారైన రేణువు కానే కాదు.

పెద్దపేగులో మరో రెండు అడ్డంకులున్నాయి. అక్కడి బ్యాక్టీరియాలో కొన్ని హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువును, అదే కుళ్లిన గుడ్డు వాసన ఉండే వాయువును, తయారుచేస్తాయి. వెండి వస్తువులు నల్లబడేది కూడా ఈ వాయువు తగిలే. పేగులోనూ అదే సిల్వర్ సల్ఫైడ్ ఏర్పడుతుంది. నీళ్లలో దాదాపు కరగని పదార్థాల్లో అదొకటి. ఒకసారి సల్ఫైడ్ అయిపోయిన వెండి బ్యాక్టీరియాను పెద్దగా చంపలేదు.

రెండోది ఆక్సిజన్ లేమి. 2012లో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఒక ముచ్చటైన పని చేశారు. ఆక్సిజన్ బొత్తిగా లేనిచోట, అయాన్లు విడుదల కాకుండా జాగ్రత్తపడుతూ, ఈ.కోలైని నానో వెండితో కలిపారు. ఈ.కోలైకి ఏమీ కాలేదు. అయాన్లతో పోలిస్తే ఎన్నో వేల రెట్ల వెండి ఉన్నా ఏమీ కాలేదు. అంటే బ్యాక్టీరియాను చంపేది రేణువు నుంచి ఊడిపడే అయాన్లే, అవి ఊడిపడాలంటే ఆక్సిజన్ కావాలి. పెద్దపేగు మధ్యభాగంలో ఆక్సిజన్ దాదాపు శూన్యం.

దీనికి ఒక మినహాయింపు ఉండొచ్చు. అన్యాయం చేయకూడదు కాబట్టి చెబుతున్నాను. వాచిన పేగు గోడ దగ్గర రక్తప్రసరణ, రక్తస్రావం వల్ల ఆక్సిజన్ లీకవుతుంది. అక్కడికి చేరిన తెల్ల రక్తకణాలు హైడ్రోజన్ పెరాక్సైడ్ లాంటివి వదులుతాయి. పెరాక్సైడ్‌కు నానో వెండి త్వరగా కరుగుతుంది. కాబట్టి పుండు ఉన్నచోటే వెండి ఎక్కువగా మేలుకుని, మిగతాచోట్ల నిద్రపోయే అవకాశం లేకపోలేదు. ఇది నా ఊహ మాత్రమే. నిజమైతే మాత్రం వెండికి లేదనుకున్న విచక్షణ కొంత దొరికినట్టే. మలద్వారం గుండా ఇచ్చినప్పుడు పదో వంతు మోతాదే సరిపోవడం ఇంత దూరం ప్రయాణంలో ఎంత వెండి వృథా అవుతోందో చెప్పకనే చెబుతోంది.

ఒక్కో ప్రయోగం ఒక్కో మాట

ప్రయాణంలో ఇన్ని మలుపులున్నప్పుడు ఫలితాలు ఒకేలా రావడం కష్టమే. 2012లో డెన్మార్క్‌లో ఎలుకలకు 28 రోజులు నోటి ద్వారా నానో వెండి ఇస్తే పేగు బ్యాక్టీరియా ప్రధాన వర్గాల నిష్పత్తిలో తేడా కనిపించలేదు. 2016లో బెల్జియంలో అంతకంటే చాలా తక్కువ మోతాదులో ఆహారంలో కలిపి పెడితే తేడా కనిపించింది. అదే ఏడాది అమెరికాలో ఇంకో బృందం పెద్ద మోతాదు ఇచ్చినా ఏ తేడా లేదంది. బెల్జియం వాళ్లు గమనించిన ఒక సంగతి ఆసక్తికరంగా ఉంది. తయారుచేసి నెలల తరబడి నిల్వ ఉంచిన నానో వెండికి ఆ ప్రభావం తగ్గిపోయింది. మందు ఒకటే, వయసు వేరు, ఫలితం వేరు!

2017 మరీ విచిత్రం. ఆ ఏడాది పోలండ్ బృందం ఎలుకల్లో నానో వెండి కోలైటిస్‌ను తగ్గించిందని రాసింది. అదే ఏడాది చైనా బృందం, ఆరోగ్యంగా ఉన్న ఎలుకలకు రోజూ కిలోకు 2.5 మిల్లీగ్రాముల చొప్పున వారం రోజులు నోటి ద్వారా ఇస్తే కోలైటిస్ లాంటి లక్షణాలు వచ్చాయని రాసింది. ఒకరికి మందైనది ఇంకొకరికి జబ్బు. వీళ్లిద్దరిలో ఎవరో ఒకరు తప్పని నేననుకోను. రేణువులు వేరు, పూతలు వేరు, ఇచ్చిన దారి వేరు, ఎలుకల పేగు పరిస్థితి వేరు. 'నానో వెండి' అనేది ఒక పదార్థం పేరులా వినపడుతుంది కానీ, నిజానికి అదొక పెద్ద కుటుంబం. ఒక సభ్యుడి ప్రవర్తన చూసి ఇంకొకరికి సర్టిఫికెట్ ఇవ్వలేం.

ఎలుకల కోలైటిస్ గురించి కూడా ఒక మాట. డీఎస్ఎస్ అనే రసాయనాన్ని తాగేనీళ్లలో కలిపితే కొద్ది రోజుల్లో ఎలుక పేగు పైపొర ఊడి, రక్త విరేచనాలు మొదలవుతాయి. నీళ్లు మారిస్తే చాలావరకు దానంతటదే మానుతుంది. ఈ పద్ధతి గాయం మానడాన్ని వేగవంతం చేసే వస్తువును బాగా పట్టిస్తుంది. ఏళ్ల తరబడి తగ్గుతూ, తిరగబెడుతూ ఉండే మనిషి జబ్బుకు ఇది దూరపు చుట్టమే. ఎలుకల్లో కోలైటిస్ తగ్గించిన పదార్థాల జాబితా చాంతాడంత ఉంటుంది. అందులోంచి మందుల షాపు దాకా వచ్చినవి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

ఆ 40 సంగతి

ఇప్పుడు లెక్క. ఎలుక మోతాదును మనిషికి మార్చడానికి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ చెప్పే పద్ధతిలో 6.2తో భాగిస్తారు. కిలోకు 40 మిల్లీగ్రాములు సుమారు 6.5 అవుతుంది. 60 కిలోల మనిషికి రోజుకు దాదాపు 390 మిల్లీగ్రాముల వెండి.

అమెరికా పర్యావరణ రక్షణ సంస్థ, జీవితాంతం రోజూ నోటి ద్వారా వెళ్లినా పరవాలేదనే వెండి పరిమితిని కిలోకు 5 మైక్రోగ్రాములుగా పెట్టింది. 60 కిలోల మనిషికి అది 0.3 మిల్లీగ్రాములు. మన 390 దానికి 1,300 రెట్లు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తాగునీటి మార్గదర్శకాల్లో ఇంకో అంకె ఉంది: మొత్తం జీవితంలో నోటి ద్వారా సుమారు 10 గ్రాముల వెండి వరకు వెళ్లినా హాని కనిపించదని. రోజుకు 390 మిల్లీగ్రాములు మింగితే ఆ జీవితకాలపు కోటా 26 రోజుల్లో అయిపోతుంది. ఎనిమా (మలద్వారం గుండా ద్రవం ఎక్కించడం) మోతాదు పదో వంతే కాబట్టి 260 రోజుల దాకా వస్తుంది. ఐబీడీ చాలామందికి 15 నుంచి 35 ఏళ్ల మధ్య మొదలవుతుంది, జీవితాంతం ఉంటుంది.

ఈ లెక్కలో మొరటుతనం ఉందని ఒప్పుకోవాలి. మింగిన నానో వెండిలో అధిక భాగం మలంలోనే పోతుంది, రక్తంలోకి వెళ్లేది కొద్ది శాతమే. పర్యావరణ సంస్థ అంకెలో ముందుజాగ్రత్త కోసం కొంత తగ్గింపు కూడా ఉంది. అవన్నీ సడలించినా వందల రెట్ల తేడా మిగులుతుంది. ఇంకో సంగతి: శోషణ అంచనాలన్నీ మామూలు పేగు మీద వేసినవి. పుండ్లు పడి, అడ్డుగోడ చిల్లులు పడిన పేగులోంచి ఎక్కువే లోపలికి పోవచ్చు. ఈ మందు ఎవరికి ఇవ్వాలనుకుంటున్నారో వాళ్లకే ఆ ప్రమాదం.

లోపలికి పోయిన వెండి ఏం చేస్తుంది? బాగా తెలిసిన దుష్ఫలితం ఆర్జీరియా. వెండి చర్మంలో పేరుకుని, వెలుతురు తగిలి, మనిషి నీలం బూడిద రంగులోకి మారిపోతాడు. ఫొటో ఫిల్మ్ నల్లబడే రసాయన శాస్త్రమే ఇక్కడా పనిచేస్తుంది. ప్రాణాంతకం కాదు, కానీ రంగు దానంతటది తిరిగి రాదు. ఎలుకలకు 90 రోజులు నోటి ద్వారా ఇచ్చిన ప్రయోగంలో కిలోకు 125 మిల్లీగ్రాముల దగ్గర కాలేయంపై ప్రభావం కనిపించింది, 30 దగ్గర కనిపించలేదు. 40 ఆ రెండింటి మధ్యే ఉంది. పనిచేసే మోతాదుకూ హాని చేసే మోతాదుకూ మధ్య జాగా ఎంత ఇరుకో ఇక్కడే తెలుస్తుంది.

బ్యాక్టీరియా కూడా చేతులు ముడుచుకు కూర్చోదు. 1970ల్లో అమెరికాలోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రి కాలిన గాయాల వార్డులో, సిల్వర్ నైట్రేట్‌కు లొంగని సాల్మొనెల్లా బయటపడింది. ఆ నిరోధక జన్యువులు ప్లాస్మిడ్ మీద, అంటే ఒక బ్యాక్టీరియా నుంచి ఇంకోదానికి చేతులు మారగల డీఎన్ఏ ముక్క మీద ఉన్నాయి. 2018లో చెక్ పరిశోధకులు చూపిన ఎత్తు ఇంకా తమాషాగా ఉంటుంది. నానో వెండికి పదేపదే గురైన ఈ.కోలై, తన తోకలో ఉండే ఫ్లాజెలిన్ అనే ప్రోటీన్‌ను బయటికి వదిలి రేణువులను గుంపులుగా అతుక్కునేలా చేసింది. ఫ్లాస్కులో ఉప్పు చేసిన పనే. లక్షల కోట్ల బ్యాక్టీరియా కిక్కిరిసి ఉండే పేగులోకి రోజూ కొద్దికొద్దిగా వెండి పంపడం ఇలాంటి ఎత్తులకు శిక్షణ శిబిరం పెట్టినట్టే.

దారి ఉంటే ఎటువైపు

ఇంత చెప్పాక కూడా ఈ పరిశోధన దండగని అనను. అర్థవంతమైన దారి ఏదైనా ఉంటే అది పురీషనాళానికి, పెద్దపేగు చివరి భాగానికే పరిమితమైన అల్సరేటివ్ కోలైటిస్‌లో, ఎనిమా రూపంలో, కొద్ది వారాల పాటు వాడటమని నాకనిపిస్తుంది. జబ్బు పైపొరలోనే ఉంటుంది, మందు నేరుగా తగులుతుంది, జీర్ణాశయపు ఆమ్లంతో పని లేదు, మోతాదు పదో వంతుకు దిగుతుంది. మెసలమైన్ ఎనిమాలు ఇప్పటికే ఉన్నాయి కాబట్టి వాటితో పోల్చి చూడవచ్చు. పేగు ఎగువ భాగాలకైతే ఆమ్లంలో కరగని, ఆమ్లత్వం తగ్గాకే కరిగే పూత కావాలి. మెసలమైన్ మాత్రలకు ఆ టెక్నాలజీ ఎప్పటి నుంచో వాడుతున్నారు. క్రోన్స్‌లో గోడ మందమంతా పాకిన జబ్బుకు, ఫిస్టులాలకు వెండి రేణువు ఎలా ఉపయోగపడుతుందో నాకు ఊహకందడం లేదు.

నానో వెండిని ఐబీడీ మందుగా ఏ దేశపు నియంత్రణ సంస్థా ఆమోదించలేదు. ఆరోగ్యవంతులపై నోటి ద్వారా చేసిన ఒక పరీక్ష ఫలితం 2014లో వచ్చింది. మార్కెట్లో దొరికే 10, 32 పీపీఎం (లీటరుకు సుమారు అన్ని మిల్లీగ్రాముల వెండి) ద్రావణాలను 2 వారాల వరకు ఇస్తే చెప్పుకోదగ్గ హాని కనిపించలేదు. రక్తంలో వెండి మాత్రం కనిపించింది. అమ్మేవాళ్లు దీన్నే సురక్షితమనే రుజువుగా చూపిస్తుంటారు. అందులో రోజువారీ పెద్ద మోతాదు 0.48 మిల్లీగ్రాములు. ఎలుకల్లో పేగు పుండు తగ్గించిన మోతాదుకు సరితూగేది 390. ఒకే సీసాను చూపించి 'సురక్షితం' అని ఒక పరీక్ష నుంచి, 'పనిచేస్తుంది' అని ఇంకో పరీక్ష నుంచి అరువు తెచ్చుకుంటున్నారన్నమాట. ఆ రెండు మోతాదుల మధ్య దూరం 800 రెట్లు.

కొలాయిడల్ సిల్వర్ (ద్రవంలో తేలియాడే సన్నటి వెండి రేణువులు) పేరుతో దొరికే సీసాల్లో రేణువుల సైజు, పూత, గాఢత ఒక తయారీకీ ఇంకో తయారీకీ కలవవు. డాక్టరు చీటీ లేకుండా అమ్మే వెండి మందులు ఏ జబ్బుకైనా సురక్షితమని గానీ, పనిచేస్తాయని గానీ గుర్తించడం లేదని ఎఫ్‌డీఏ 1999లోనే తేల్చింది. కొన్ని యాంటీబయాటిక్స్‌ను, థైరాయిడ్‌కు వాడే థైరాక్సిన్‌ను పేగు సరిగా పీల్చుకోకుండా వెండి అడ్డుపడగలదు. ఇప్పటికే అలాంటి సీసా వాడుతున్న ఐబీడీ రోగి దాన్ని తన గ్యాస్ట్రో డాక్టరుకు చెప్పడం అవసరం. దాన్ని నమ్ముకుని మెసలమైన్, అజాథయోప్రిన్ లాంటివి ఆపేసిన వాళ్లయితే ఇంకా ముందే చెప్పాలి, ఎందుకంటే మందు ఆపినచోట జబ్బు తిరగబెట్టడానికి ఎక్కువ కాలం పట్టకపోవచ్చు.